నాలుగో గ్రీను పక్కన పరుపు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డులో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. బయట అందరికీ ఆయన రసమట్టమే. గోడ తిన్నగా లేచిందో లేదో చూసుకోవడానికి తాపీ మేస్త్రులు పెట్టే చెక్కబద్ద ఉంటుంది చూడండి, మధ్యలో గాజు గొట్టం, అందులో అటూ ఇటూ జరిగే బుడగ, అదీ రసమట్టం. ముప్పై రెండేళ్లు గ్రేడరు నడిపి రోడ్లు చదును చేసిన మనిషి కాబట్టి, ఆయన చొక్కా జేబులో జానెడు రసమట్టం ఎప్పుడూ ఉండేది. రెండో జేబులో మడిచిన అట్టముక్కలు ఉండేవి. ఎక్కడ బల్ల ఊగినా, ఎక్కడ బీరువా ఒరిగినా, అడగకుండానే వంగి కాలి కింద ఒక ముక్క తోసి, బుడగ మధ్యకు వచ్చాకే లేచేవాడు.

ఈ గుణం మంచిదే అనుకోండి. కానీ అతి ఎక్కడైనా అతే. కూతురి అత్తవారింట్లో వంటగది తలుపు వాలుగా ఉందని గడప కింద చెక్కముక్క పెట్టి సరిచేసి వచ్చాడు. అంతకుముందు ఆ తలుపు దానంతటదే మూసుకునేది. ఆయన పుణ్యమా అని ఆ తర్వాత వాళ్లు దానికి తాడు కట్టుకోవలసి వచ్చింది. వియ్యపురాలు ఆ మాట మర్యాదగా, అయిదారుసార్లు చెప్పింది.

యాభై ఎనిమిదో ఏట ఆయన పనిచేసే కంపెనీకి రోడ్ల పనులు తగ్గిపోయాయి. గ్రేడర్లు అమ్మేశారు. గోల్ఫ్ మైదానం కట్టే కాంట్రాక్టు ఒకటి దొరికితే, పాత చేతుల్లో ఈయన ఒక్కణ్ణీ బుల్‌డోజరు ఎక్కించి అక్కడికి పంపారు. ఈ పని పోతే మరో పని లేదని ఆయనకు తెలుసు. ఇంట్లో కూర్చుని మంచం కోళ్ల కింద అట్టముక్కలు పెట్టుకుంటూ రోజులు వెళ్లదీయడమే.

మైదానాన్ని గీసినావిడను పనివాళ్లంతా నక్షా మేడమ్ అనేవారు. నెలకోసారి వచ్చేది. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో చుట్టిన కాగితాలు, జేబు నిండా తెల్లబంతులు. ఆవిడ కూర్చోగా చూసినవాడు లేడు. మొదటి రోజు అందరినీ టీ బల్ల దగ్గర పోగుచేసి, ఈ ఆట ఆడే నేల ఎలా ఉండాలో చెప్పింది.

"ఆడేవాడికి ప్రతిచోటా రెండు దారులుండాలి. ధైర్యం ఉన్నవాడికి దగ్గరి దారి, బుద్ధి ఉన్నవాడికి చుట్టుదారి. ఇసుక గుంట పెట్టేది మనిషిని ఏడిపించడానికి కాదు, కాసేపు ఆలోచింపజేయడానికి. ఇక చివర్లో బంతిని దొర్లించి గుంటలో వేసే పచ్చిక ఉంటుంది, దాన్ని గ్రీను అంటారు. దానికి మాత్రం చదునైన చోటు ఒక్కటీ ఉండకూడదు. వాన పడితే నీళ్లు మూడు వైపులకు పోవాలి. నీళ్లు ఎటు పోతాయో బంతీ అటే పోతుంది. అర్థమైందా?"

అందరికీ అర్థమైంది. మన రసమట్టం అప్పుడు ఎక్కడున్నాడనుకున్నారు? టీ బల్ల కింద. బల్ల ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆయన చూస్తూ ఎలా ఊరుకుంటాడు? అట్టముక్క తోస్తూ ఉండగా "చదునైన చోటు" అన్నంత వరకు చెవిన పడింది. మిగతాది పైన గ్లాసుల చప్పుడులో కలిసిపోయింది. ఆవిడెవరో పని తెలిసిన మనిషేనని సంతోషపడ్డాడు.

మొదటి నెలంతా ఆయనకు దారులు, బళ్లు నిలిపే చోటు చదును చేసే పని ఇచ్చారు. అద్దంలా చేశాడు. గ్రీన్లు చేసే పని మరో డ్రైవరుది. ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నేలను ఎలా కావాలంటే అలా వంచుతాడని వంపులాయన అని పిలిచేవారు. నాలుగో గ్రీను మీద అతను మూడు వారాలు పనిచేశాడు. మేడమ్ వచ్చిన రోజున పక్కనే నిలబడి, చేతులు ఊపుతూ, ఇక్కడ పొంగాలి అక్కడ జారాలి అని చెబితే, విన్నది విన్నట్టు చేశాడు.

ఒక ఆదివారం రసమట్టం బండికి గ్రీజు పెట్టుకుందామని సైటుకు వెళ్లాడు. ఎవరూ లేరు. నాలుగో గ్రీను పక్కగా పోతూ చూశాడు. ఒకచోట మిట్ట, ఒకచోట పల్లం, ఓ పక్కకు జారుడు. ఆయన గుండె తరుక్కుపోయింది. 'పాపం, పిల్లలు గలవాడు. చేతకాక ఇలా వదిలేశాడు. రేపు ఇంజనీరు చూస్తే అతని ఉద్యోగం ఏం కాను?' అనుకున్నాడు. సాటి మనిషిని ఆదుకోవడంలో ఉన్న తృప్తి ఇంకెందులో ఉంది? బండి ఎక్కి, పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి, సాయంత్రం నాలుగుకి దిగాడు. నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూశాడు. నాలుగు చోట్లా బుడగ నడిమధ్య కూర్చుంది. ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుంటూ భార్యతో, "ఈవేళ ఒక సంసారాన్ని నిలబెట్టానే" అన్నాడు.

సోమవారం పొద్దున వంపులాయన ఆ గ్రీను గట్టున గొంతుక్కూర్చుని, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఉన్నాడు. సైటు ఇంజనీరు అరవలేదు. అరిచే మనిషి అరవకపోతే ఇంకా భయం.

"ఎవరు చేశారిది?" అన్నాడు ఇంజనీరు.

"నేనేనండి," అన్నాడు రసమట్టం, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

ఆ తర్వాత అయిదు నిమిషాల్లో ఆయనకు గోల్ఫ్ గురించి తెలియవలసిందంతా తెలిసింది. తెలిసే కొద్దీ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అది చాలదన్నట్టు మధ్యాహ్నం వాన పడింది. నాలుగో గ్రీను మీద పళ్లెంలో పోసినట్టు నీళ్లు నిలిచాయి. అంచు దాకా సమంగా, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా. అంత గొప్పగా చెడిన పని ఆ సైటులో మరొకటి లేదు.

"శుక్రవారం మేడమ్ వస్తున్నారు," అన్నాడు ఇంజనీరు. "వంపులాయన బండి తొమ్మిదో గ్రీను పనిలో ఇరుక్కుపోయింది, అతను ఇటు రాలేడు. చెడగొట్టింది నువ్వు, చేయాల్సిందీ నువ్వే. శుక్రవారానికి గ్రీను గ్రీనులా లేకపోతే శనివారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

రసమట్టానికి తల కొట్టేసినట్టయింది. తాను చేసిన పని మళ్లీ చేయమన్నవాడు ముప్పై రెండేళ్లలో లేడు. తేలు కుట్టిన దొంగలా నాలుగో గ్రీను నక్షా తీసుకుని పక్కకు పోయాడు. కాగితం నిండా వంకర గీతలు, వేలిముద్రను పెద్దది చేసి గీసినట్టు. అందులో ఏది మిట్టో ఏది పల్లమో ఆయనకు అంతుపట్టలేదు. వంపులాయన మంచివాడు, తిట్టలేదు. "గీతల్లో సగమే ఉంది బాబాయ్. మిగతా సగం మేడమ్ చేతులూపి చెప్పారు. నాకే మళ్లీ గుర్తు రాదు," అన్నాడు.

మంగళవారం ఆయన ప్రయత్నం చూసి తీరాలి. ఒక మిట్ట పోసేవాడు. వెనక్కి వచ్చి చూసేసరికి చెయ్యి దానంతటదే బ్లేడు దించి ఆ మిట్టను గీకేసేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఆయన బుద్ధంతా ఆ కుడిచేతిలోనే ఉంది. సాయంత్రానికి పళ్లు బిగబట్టి ఒక్క మిట్ట నిలబెట్టాడు. వంపులాయన వచ్చి చూసి, నొప్పించకుండా చెబుదామని కాసేపు ఆలోచించి, "చీమల పుట్టలా ఉంది బాబాయ్," అన్నాడు.

బుధవారం పొద్దున రసమట్టం టీ గ్లాసు ముందు పెట్టుకుని డాబా మీద కూర్చున్నాడు. భార్యకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారం అంత గొప్పగా చెప్పుకున్నాక ఏ నోటితో చెబుతాడు? ఆవిడ మంచం మీది దూది పరుపును ఈడ్చుకుంటూ వచ్చి ఎండలో పరిచింది.

"రేపు పరుపులాయన వస్తున్నాడు," అంది. "దూది పీకి, ఏకి, కొత్తగా కుట్టిస్తున్నాను. ఆరేళ్లుగా మొత్తుకుంటున్నాను, గోడకు చెప్పినా ఈపాటికి వినేది. మీరు ఊళ్లో బల్లలన్నీ సరిచేస్తారు గానీ, మనం పడుకునేది గుంటల్లోనని ఒక్కనాడైనా చూశారా?"

చూడలేదు. దీపం కింద చీకటి అంటే అదే. పెళ్లయిన కొత్తలో కొన్న పరుపు, ఎవరి గుంటలో వాళ్లు పడుకుంటూ ముప్పై ఏళ్లు గడిచాయి. ఆయన నిట్టూర్చి, గ్రీను మీద దొర్లించి చూసుకోమని వంపులాయన ఇచ్చిన తెల్లబంతిని జేబులోంచి తీసి, విసుగ్గా పరుపు మీదికి వేశాడు.

బంతి తలగడ వైపు పడి, నెమ్మదిగా బయలుదేరి, రెండు గుంటల మధ్యనున్న గట్టు దాకా వచ్చి, అక్కడ ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, కుడివైపుకు తిరిగి భార్య గుంటలోకి జారి కూర్చుంది. ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. ఇంకో మూల నుంచి వేశాడు. ఈసారి తన గుంట అంచు పట్టుకుని వంపు తిరిగి, కాళ్ల వైపుకు పోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ. ఏ రెండుసార్లూ ఒక్క దారిన పోలేదు. పోయిన ప్రతిసారీ, ఎందుకలా పోయిందో ఆయనకు తెలుస్తోంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని చిన్నప్పటి నుంచి వింటున్న సామెతే. బంతి కూడా పల్లమెరుగునని ఇప్పుడు కళ్లకు కట్టింది. బోర్లా పడుకుని, దవడ పరుపుకు ఆనించి, జేబులోంచి రసమట్టం తీసి గట్టు మీద పెట్టాడు. బుడగ ఒక చివరికి పోయి నక్కింది. జీవితంలో మొదటిసారి ఆ బుడగ అలా పోవడం ఆయనకు ముచ్చటేసింది.

"మతి గానీ పోయిందా?" అంది భార్య, బకెట్టు పట్టుకుని వెనక నిలబడి.

అప్పుడు చెప్పేశాడు. ఆదివారం చేసిన ఘనకార్యం, సోమవారం వాన, శుక్రవారం గడువు, అన్నీ. "నాకు సిగ్గుగా ఉందే," అన్నాడు. "పని చేతకాదనిపించుకుని ఇంటికి రావడం కంటే సిగ్గు లేదు. ఈ పరుపు రెండు రోజులు నాకియ్యి. దూది పీకించకు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. చేతులు తుడుచుకుని, కొంగు నడుముకు దోపి, పరుపు అవతలి కొస పట్టుకుంది. ఆయన ఇవతలి కొస నుంచి చుట్టబోయాడు.

"చుట్టకండి," అంది. "గుంటలు చెడిపోతాయి. బల్లపరుపుగా మోయాలి."

గుంటల పరుపును బల్లపరుపు అన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అప్పుడు నవ్వారు.

తలుపు చెక్క ఒకటి అడుగున పెట్టి, చిన్న ట్రాలీ మీద పరుపును సైటుకు చేర్చారు. పసిపిల్లను తీసుకెళ్లినట్టు ప్రతి గతుకు దగ్గరా ట్రాలీ నెమ్మది చేయించాడు. నాలుగో గ్రీను పక్కన టార్పాలిన్ పరిచి, దాని మీద పరుపు పెట్టించాడు. పనివాళ్లు ఊరుకుంటారా? ఒకడు దుప్పటి కావాలా అన్నాడు. ఇంకొకడు జోలపాట ఎత్తుకున్నాడు. రసమట్టం తన పనిలో పడ్డాడు. పరుపు మీద ఒక జానకు నేల మీద నాలుగు అంగలు, పరుపు మీద అంగుళం లోతుకు నేల మీద జానెడు లోతు అని లెక్క పెట్టుకుని, పుల్లలు పాతి, బండి ఎక్కాడు. చెయ్యి పాత బుద్ధితో గీకబోయినప్పుడల్లా దిగివచ్చి పరుపును ఒకసారి అరచేత్తో తడిమి చూసుకునేవాడు. ముప్పై ఏళ్లు వీపుకు తెలిసిన సంగతి చేతికి తెలియడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత బ్లేడు వెన్న మీద కత్తిలా పోయింది.

గురువారం మధ్యాహ్నానికి పని ఒక దారికి వచ్చింది. ఇంజనీరు వచ్చి చుట్టూ తిరిగి, ఊపిరి పీల్చుకుని, చెవిలో, "ఆవిడ దీన్ని చూసి నెల కావస్తోంది. తను చెప్పినట్టే ఉందనుకుంటారు. నువ్వు మాత్రం నోరు విప్పకు," అన్నాడు. ఆయన అలా అంటూండగానే జీపు చప్పుడైంది. మేడమ్ ఒక రోజు ముందే వచ్చింది.

వచ్చీ రాగానే ఆవిడకు కనిపించింది పరుపే.

"ఇదేమిటి? డ్యూటీలో పడుకోవడానికి పరుపు కూడా తెచ్చుకుంటున్నారా?"

ఇంజనీరు నేల చూపులు చూశాడు. రసమట్టం బండి దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నోరు విప్పకపోతే ఉద్యోగం ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. కానీ ఊరందరి వంకరలు పట్టుకుని తిరిగిన మనిషి, తన వంకరను అట్టముక్కతో కప్పుకుంటే ఎలా?

"పడుకోవడానికి కాదు మేడమ్. అది నా డ్రాయింగు," అన్నాడు. తర్వాత తడబడకుండా చెప్పాడు. "మీరు చెప్పి చేయించిన గ్రీను ఇప్పుడు లేదండి. చేతకాక వదిలేశారనుకుని నేనే చదును చేసేశాను. ఇది మా ఇంటి పరుపు చూసి నేను చేసింది. మీరు చెప్పిన రోజు నేను టీ బల్ల కింద ఉన్నానండి."

మేడమ్ చుట్టిన కాగితాలు ఇంజనీరు చేతికిచ్చి, గ్రీను చుట్టూ మూడుసార్లు నడిచింది. మట్టిలో మోకాళ్లూని, చెంప నేలకు ఆనించి చూసింది. నాలుగు మూలల నుంచి బంతులు దొర్లించింది. బకెట్టు నీళ్లు తెప్పించి నడిమధ్య పోయించింది. నీళ్లు రెండు వైపులా చక్కగా పోయాయి, వెనక మూల మాత్రం చిన్న మడుగు కట్టాయి.

"ఆ మూల తెరవాలి. అక్కడ నీళ్లు నిలిస్తే పచ్చిక కుళ్లిపోతుంది," అంది. "లోతులు కూడా ఎక్కువే. సగం చేయండి, లేకపోతే బంతి ఆగదు." ఆ తర్వాత పరుపు దగ్గరికి వెళ్లి, దాని పక్కన టార్పాలిన్ మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూసి పనివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "నేను చెప్పింది ఇది కాదు. నా దాంట్లో నిజంగానే మూడు వారాల కష్టం ఉంది, అది పోయిందని నాకు కోపంగానే ఉంది. మీరు వంపులాయనకు క్షమాపణ చెప్పాలి."

"చెప్పానండి. రోజుకోసారి చెబుతున్నాను."

"ఇక చెప్పకు బాబాయ్," అన్నాడు వంపులాయన.

మేడమ్ పరుపు మీద అరచెయ్యి పెట్టింది. "ఈ కుడి గుంట ఎవరిది?"

"మా ఇంటావిడదండి. ఎడమది నాది."

"మధ్య గట్టు సరే. తలగడల దగ్గర, ఆ గట్టు మొదట్లో ఈ చిన్న పల్లం ఏమిటి? గ్రీను మీద కూడా పెట్టారు. ఇంత చిన్నది ఎవరూ గీయరు. గీయాలని తోచదు."

రసమట్టం కాసేపు దాన్నే చూశాడు. చేసేటప్పుడు పరుపులో ఉంది కాబట్టి చేశాడు, ఎందుకుందో ఆలోచించలేదు. ఇప్పుడు తట్టింది.

"మా అమ్మాయిదండి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా మా మధ్యనే పడుకునేది. ఇప్పుడు పెళ్లయి రెండు వీధుల అవతల ఉంటోంది. అది ఇంకా పూడలేదని నాకు తెలియదు."

మేడమ్ లేచి దుమ్ము దులుపుకుంది. "దాన్ని మాత్రం ముట్టుకోకండి," అంది. "మూల తెరిచాక అయిదో గ్రీను మొదలుపెట్టండి. ఈసారి నేను మాట్లాడేటప్పుడు బల్ల పైన ఉండండి."

విత్తనం చల్లి, పచ్చిక పెరిగి, మైదానం తెరిచేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆలోగా ఆయన ఇంకో నాలుగు గ్రీన్లు చేశాడు. కూరగాయల బుట్ట, పాత చెప్పు, ఆరబెట్టిన దుప్పటి, ఏది చూసినా బంతి వేసి చూసే జబ్బు పట్టుకుంది. కూతురి అత్తవారింటి తలుపును మళ్లీ వాలుగా చేసి, వియ్యపురాలి చేత మెప్పు కూడా పొందాడు.

తెరిచిన రోజున పనివాళ్ల కుటుంబాలనూ పిలిచారు. రసమట్టం, భార్య, కూతురు నాలుగో గ్రీను వెనక తాడు దగ్గర నిలబడ్డారు. పచ్చిక పరుచుకుని ఉంటే ఆయనకే అది తన పనిలా అనిపించలేదు. ఆ రోజు బంతి పడాల్సిన గుంటను ఎక్కడ తవ్వి జెండా ఎక్కడ నాటాలో నిర్ణయించింది మేడమే. దూరం నుంచి పెద్దమనుషులు ఒక్కొక్కరే బంతులు కొట్టారు. ఒకటి వచ్చి గట్టు తగిలి కుడికి జారింది. రెండోదీ కుడికే. మూడోదీ అంతే.

భార్య కళ్లు చిట్లించి చూసింది. "ఇది మన పరుపే," అంది. "చూశారా, ఇక్కడా అన్నీ నా నెత్తినే పడుతున్నాయి. అయినా నా గుంట అంత లోతు పెట్టారేం? నేనంత లావా?"

"మేడమ్ లోతు సగం చేయించింది. నేను ఉన్నదున్నట్టే పెట్టాను," అన్నాడాయన. నడుము మీద గట్టిగా ఒకటి పడింది.

కూతురు ఇదంతా వింటూ గ్రీనునే చూస్తోంది. "మీ ఇద్దరివీ సరే నాన్నా. మధ్యలో జెండా పాతిన చోట ఆ బుల్లి పల్లం ఏమిటి?"

ఆయన చెప్పబోయి, జేబులో రసమట్టాన్ని ఊరికే తడుముకున్నాడు.

భార్యే చెప్పింది. "అది నీది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేదానివి. అందుకే అంత చిన్నగా వచ్చింది."

కూతురు తాడు కింద నుంచి కొంచెం ముందుకు వంగింది. అప్పుడే నాలుగో మనిషి కొట్టిన బంతి పై అంచున పడి, తలగడల వైపు నుంచి నెమ్మదిగా బయలుదేరింది. అది అటు తల్లి గుంటకూ పోలేదు, ఇటు తండ్రి గుంటకూ పోలేదు. జెండా దగ్గరికి వచ్చి, చిన్న పల్లంలోకి ఒదిగి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినాయన తన గొప్పే అనుకుని టోపీ ఎత్తాడు.